పెట్రోలు వాసన ఎలా పోయిందో నాకు తెలుసు

ఒక మాట ఏళ్ల తరబడి నా గొంతులో ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. దీపం పెట్టిన ప్రతిసారీ అది కొంచెం పైకి వస్తుంది. కళ్లు మూసుకుని వెనక్కి తోస్తాను. దేవుడికి ఎలాగూ తెలుసు కదా అని సర్దిచెప్పుకుంటాను. కానీ తెలియాల్సింది దేవుడికి కాదు. అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

మాది నెల్లిమర్ల. ముందు కిరాణా కొట్టు, వెనక ఇల్లు. నా భర్త, అత్తగారు, అప్పటికింకా పెళ్లికాని మరిది, నేను. అన్నదమ్ములిద్దరికీ ఒకటే మోటారుసైకిలు. పగలంతా కొట్టు ముందు ఎండలో ఉండేది. వీధిలో వదిలేస్తే ఉంటుందో ఉండదోనని, కొట్టు కట్టేశాక ఇంటి నడవలోకి ఎక్కించేవారు. ఆ నడవలోనే గోడకి నా దేవుడి గూడు.

ఒక వేసవిలో వాసన మొదలైంది. పొద్దున్నే స్నానం చేసి గూడు దగ్గరికి వస్తే కర్పూరం కంటే ముందు పెట్రోలు ముక్కుకి తగిలేది. అగ్గిపుల్ల గియ్యాలంటే భయం వేసేది. వీధి తలుపు, పెరటి తలుపు బార్లా తెరిచి, గాలి ఆడేదాకా నిలబడి, అప్పుడు దీపం పెట్టేదాన్ని.

బండి పాడైందేమో అన్న ఆలోచన నాకు రాలేదు. ఎవరో తీస్తున్నారన్నదే వచ్చింది. ఎందుకు? ఇప్పటికీ జవాబు లేదు. నిండా పోయించిన మర్నాటికే పెట్రోలు చూపించే ముల్లు కాస్త దిగి ఉండేది. ఉదయం బండి బయటికి దింపేది మరిది. ఉప్మా ప్లేటు అందిస్తుంటే అతని చేతుల దగ్గర అదే వాసన. వీధి చివర ఒక స్నేహితుడు బండి మీద వచ్చి అతని కోసం ఆగేవాడు. వాళ్లిద్దరూ నవ్వుకుంటుంటే, ఏం చూసి నవ్వుకుంటున్నారో అనిపించేది. కొట్లో పెద్ద డబ్బాల్లోంచి నూనె తోడే రబ్బరు గొట్టం ఒకటి ఉండేది. అది నూనెకేనని నాకు తెలుసు, కడిగి ఆరబెట్టేదాన్నే నేను. అయినా ఒకరోజు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. పల్లీనూనె వాసన వచ్చింది. కడిగేసి ఉంటాడు అనుకున్నాను. అనుమానం అంతే కదా. సాక్ష్యం దొరికితే పట్టుకున్నానంటుంది, దొరక్కపోతే దాచేశాడంటుంది.

ఆ రోజుల్లోనే, ఒక ఉదయం, బండి దింపుతూ అతను నాతో అన్నాడు. "వదినా, ఈ ట్యాంకు మూత కాడ ఏటో తేడాగున్నాది. వాసన అక్కణ్నించే వస్తన్నాది. అన్నయ్యకి సెప్పు, నాను సెప్తే ఇనడు."

సరేనన్నాను. కానీ చెప్పలేదు. దొంగే ముందుగా దొంగ దొంగ అని అరుస్తాడని పెద్దలు ఊరికే అనలేదు అనుకున్నాను.

భర్తకి చెప్పకుండా అత్తగారికి చెప్పాను. మూత సంగతి కాదు, నా అనుమానం సంగతి. ఆవిడ నన్ను కూతురిలా చూసుకునేది. బడి మొహం చూడని పిల్లని నేను, మా నాన్న ఇంట్లోనే అక్షరాలు దిద్దించి నాలుగు పద్యాలు నేర్పితే, ఆ నాలుగు పద్యాలకే మురిసిపోయి నలుగురికీ చెప్పుకునేది. ఆ ఆదరణకి నేను చెయ్యగలిగింది ఇల్లు కనిపెట్టుకుని ఉండడమే అనుకున్నాను. నిజంగా అందుకే చెప్పానా? బంగారం లాంటి కోడలని ఇంకోసారి అనిపించుకోవాలని కాదు కదా?

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆవిడ అడిగేసింది. ఎవరి బండికి పోస్తన్నావురా అని. అతను ముందు నవ్వాడు, వేళాకోళం అనుకుని. అన్నగారి మొహం చూసి ఆపేశాడు. మూత దగ్గరే లోపం ఉందని, ఎప్పుడో చెప్పానని అన్నాడు. నావైపు తిరిగాడు.

"సెప్పు వదినా. మూత కాడ తేడాగున్నాదని నీతో అన్నానా, లేదా?"

"నాకు గుర్తులేదు బాబూ," అన్నాను.

లేదు అనలేదు, చూడండి. లేదంటే అబద్ధమవుతుందని మా నాన్న నేర్పిన పిల్లని. గుర్తులేదు అన్న మాటకి పాపం అంటదనుకున్నాను. ఇంత తెలివి నాకు ఆ క్షణంలో ఎక్కడినుంచి వచ్చింది?

అతను కంచం ముందు నుంచి లేచాడు. "సరే వదినా. గుర్తులేకపోతే నువ్వు మాత్రం ఏటి సేస్తావు," అని చెయ్యి కడుక్కున్నాడు.

ఆ వారంలోనే గజపతినగరంలో బట్టల కొట్లో పనికి కుదిరి వెళ్లిపోయాడు. ఎవరూ పొమ్మనలేదు. ఉండమని కూడా ఎవరూ అనలేదు.

వెళ్లిన మర్నాడు ఉదయం నడవలోకి వచ్చాను. వాసన. ఆ మర్నాడూ వాసనే. ఇంట్లో అందరికంటే ముందు లేచేది నేను కాబట్టి అది నాకొక్కదానికే తెలుసు. భయంతోనో సిగ్గుతోనో చెప్పలేను కానీ, మిగతావాళ్లు లేవకముందే తలుపులు గబగబా తెరిచేశాను. అది మాత్రం చెప్పగలను. వాసనని బయటికి తోలడం కాదు అప్పుడు నా పని. దాచడం.

ఆయన పెరట్లో స్నానం చేస్తుండగా తాళం తీసుకుని ట్యాంకు మూత తెరిచాను. మూత కింద రబ్బరు చుట్టు ఒకటి ఉంది. గోటితో నొక్కితే దిగలేదు. ఒకచోట పగిలి నోరు తెరుచుకుని ఉంది. కుక్కరు రబ్బరు గట్టిపడితే ఆవిరి పక్కనుంచి పోవడం ఏ ఆడదానికి తెలియదు? ఎండలో కాగిన ట్యాంకు, మూతిదాకా పోయించిన పెట్రోలు, ఈ పగిలిన రబ్బరు. అతను చెప్పిన చోటే.

అమ్మవారి దర్శనానికని విజయనగరం వెళ్లి, అలాంటి రబ్బరే ఒకటి కొని కొంగున ముడేసుకుని తెచ్చాను. నేనే మార్చాను. పాతది పెంటలో పారేశాను. బండి నీడలో పెట్టమని ఆయనకి చెప్పాను, రంగు వెలిసిపోతోందని. నిండా పోయించొద్దన్నాను, ఒలికి బట్టలు పాడవుతున్నాయని. అన్నిటికీ కారణాలు దొరికాయి. వాసన పూర్తిగా పోయింది.

"సూసేవేటే," అంది అత్తగారు, నడవలో నిలబడి గాలి పీల్చి. "ఆడెల్లేడు, వాసనా ఎల్లింది."

"అవునత్తా," అన్నాను.

అంటే నేను బాగుచేసిన బండే అతని మీద సాక్ష్యం చెప్పింది. తెలియక అనుమానించాను, అది వేరు. తెలిశాక? రబ్బరు సంగతి చెబితే అతను ముందే అన్న సంగతి బయటపడుతుంది, అది బయటపడితే నా గుర్తులేదు అన్న మాట బయటపడుతుంది. ఆ సాయంత్రం దీపం పెట్టి, ఇల్లు ప్రశాంతంగా ఉంచినందుకు అమ్మవారికి దండం పెట్టుకున్నాను. నేను పెట్టిన దండాలన్నిటిలోకీ అదొక్కటే వెనక్కి తీసుకోవాలని ఉంటుంది.

అత్తగారు పోయేముందు అతన్ని పిలిపించుకుంది. తల నిమిరి, ఇకనైనా బుద్ధిగా ఉండరా అంది. అలాగేనమ్మా అన్నాడు. నేను మంచం అవతల నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ అలాగే నమ్ముతూ వెళ్లిపోయింది. దానికి ఇప్పుడు నేనేం చేసినా దిద్దుబాటు లేదు.

మొన్న ఆవిడ సంవత్సరీకానికి అతను భార్యాబిడ్డలతో వచ్చాడు. నరసన్నపేట నుంచి వచ్చిన మా ఆడపడుచు భర్త విస్తరి ముందు కూర్చుంటూ, "బండి తాళాలు బొడ్లో దోపుకోండర్రా, బావ వచ్చేడు," అన్నాడు. వరసలో కూర్చున్నవాళ్లంతా నవ్వారు. మరిది కూడా నవ్వాడు, అలవాటైపోయినట్టు. అతని కూతురు తల్లి చెంగు లాగి, నాన్నని చూసి ఎందుకు నవ్వుతున్నారని అడిగింది. ఆమె పాపని దగ్గరికి లాక్కుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ జవాబు ఆమెకి తెలియదు. నాకు తెలుసు. పప్పు గిన్నె చేతిలో ఉంది. ఒక్క మాట చాలు. వడ్డిస్తూ ముందుకి వెళ్లిపోయాను.

మా మరిది పెట్రోలు తియ్యలేదు. ఒక్క చుక్క కూడా. ఆ సంగతి నాకు తెలిసీ అతన్ని దొంగగా ఉండనిచ్చాను.

ఈ రెండు మూడు వాక్యాలు ఇంతవరకు మనసులో కూడా ఇలా వరసగా అనుకోలేదు. అతని ముందు అనగలనా? మాటివ్వలేను, నా మాట సంగతి మీకు ఇప్పటికే తెలిసింది. ఇది రాసినంత మాత్రాన బరువు తగ్గకూడదు, తగ్గితే అన్యాయం అనుకుంటూనే కూర్చున్నాను. కానీ తగ్గింది.