నీళ్లు పోయకూడని మడి

ఓబులేసుకు యాభై ఎనిమిదేళ్లు. మాదాపూర్ ఆఫీసుల వెనక ఉన్న బొటానికల్ గార్డెన్‌లో పదకొండేళ్లుగా మాలి. దేశవాళీ మొక్కల వైపంతా అతనిదే. రేల, మోదుగ, పాలకొడిసె, వాటి కింద పొడుగాటి గడ్డి, గడ్డిలో తిరిగే ముంగిసలు. శేరిలింగంపల్లిలో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. పొద్దున ఆరింటికి షేర్ ఆటో ఎక్కుతాడు, సాయంత్రం ఆరింటికి మళ్లీ ఎక్కుతాడు. గదిలో రెండు కంచాలున్నాయి. ఒకటి గోడకు ఆనించే ఉంటుంది.

పాలకొడిసె చెట్టు పక్కన మంచమంత మడి ఒకటి ఉంది. అందులో అడవినాభి. వేసింది అతని భార్య చెన్నమ్మ. ఆమె కూడా ఈ తోటలోనే కలుపు తీసేది. ఒకసారి రాయచోటి వైపు పుట్టింటికి పోయి, గుట్ట వాలులో తవ్విన గడ్డలు కొంగున కట్టుకుని వచ్చింది. ఆమె చనిపోయి మూడేళ్లయింది.

అడవినాభి సగం ఏడాది కనిపిస్తుంది, సగం ఏడాది కనిపించదు. తొలకరికి మొలుస్తుంది. ఆకు కొన సన్నగా చుట్ట చుట్టుకుని, పక్కన ఏ పుల్ల ఉంటే దాన్ని పట్టుకుని పైకి లేస్తుంది. శ్రావణం దాటాక పూస్తుంది. రేకులు ముందు పసుపు, తర్వాత ఎరుపు. కార్తీకం పోయాక ఎండిపోతుంది. ఇక మడిలో మట్టే. లోపల గడ్డలు నిద్రపోతుంటాయి. ఆ నెలల్లో తడి తగిలితే కుళ్లిపోతాయి.

చెన్నమ్మ రెండు నియమాలు పెట్టింది. వేసవిలో ఆ మడి దగ్గర నీళ్ల డబ్బా దించకూడదు. పూల కాలంలో ఆ మొక్కను ముట్టుకుంటే చేయి కడుక్కోకుండా అన్నం తినకూడదు. గడ్డ నుంచి పువ్వు దాకా అంతా విషమే. పుప్పొడి వేళ్లకు పసుపులా అంటుకునేది. "ముందు చెయ్యి" అనేది ఆమె, టిఫిన్ మూత మీద అరచేయి ఆనించి.

ఈ మే నెలలో ఎండలు ముదిరాయి. నడకకు వచ్చేవాళ్లు చెవుల్లో ఇయర్‌ఫోన్లతో ఏడింటికల్లా వెళ్లిపోయేవారు. అతనితో పనిచేసే ఈశ్వరమ్మ కూతురి కాన్పుకని నెల సెలవు పెట్టింది. రోజంతా అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. గడ్డిలోంచి తీతువు అరిస్తే తలెత్తి చూసేవాడు.

ఒక సాయంత్రం డబ్బాలో కొన్ని నీళ్లు మిగిలాయి. అతను మడి దగ్గర ఆగాడు. నేల నెర్రెలు విచ్చి ఉంది. నీళ్లు పోశాడు. మట్టి వాసన లేచింది. అది పోయేదాకా నిలబడ్డాడు.

మర్నాడు నీళ్లు మిగలలేదు. మిగుల్చుకున్నాడు.

తప్పని తెలుసు. తెలిసే నెలంతా పోశాడు.

మృగశిర కార్తె రోజు వాన పడింది. సెలవు నుంచి వచ్చిన ఈశ్వరమ్మ గిన్నె నిండా చేపల కూర తెచ్చింది.

"ఇగో అన్నా, మిరుగం నాడు చేపలు తినకుంటే ఏడాదంతా దగ్గుతవ్. తిను."

"మీ పక్క దగ్గు తప్ప వేరే రోగమే లేదామ్మా?"

"ఉన్నది. నీ లెక్క నోరు మూస్కోని కూసునుడు. దానికి ఏ చేపా పనిజెయ్యదు."

ఓబులేసు నవ్వాడు. తింటూ మడి వైపు చూశాడు. ఏటా మృగశిర దాటిన వారానికి అక్కడ మొలకలు వచ్చేవి. ఈసారి వారం గడిచింది. పది రోజులు గడిచాయి. ఆరుద్ర కార్తె వచ్చింది. చుట్టూ గడ్డి మోకాలెత్తు లేచింది. మడి మాత్రం అలాగే ఉంది.

తోట పనులు చూసే ఉమాశ్రీ కాకినాడ అమ్మాయి, బోటనీ చదివింది. ఆమె మడి దగ్గర ఆగింది.

"ఓబులేసు గారూ, అడవినాభి ఇంకా రాలేదేంటండీ? వేసవిలో నీళ్లేమైనా తగిలాయా?"

"లేదమ్మా. వస్తాది."

ఆమెకు అతను చెప్పిన మొదటి అబద్ధం అది.

"శనివారం ఒక కంపెనీ నుంచి యాభై మంది మొక్కలు నాటడానికి వస్తున్నారండి. ఇక్కడ తంగేడు పెట్టిద్దామనుకుంటున్నా. మీ నాభి మొలిస్తే మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వను. శుక్రవారం దాకా చూద్దామా?"

"చూద్దామమ్మా."

తవ్వి చూస్తే తెలిసిపోతుంది. కానీ గడ్డ కొనన ఒక్కటే కన్ను ఉంటుంది. అది విరిగితే ఇక ఆ గడ్డ మొలవదు. అందుకని శుక్రవారం దాకా ఆగాడు. ఆ మధ్యాహ్నం పలుగు పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో మట్టి తీశాడు.

మొదటి గడ్డ చేతికి తగలగానే విచ్చుకుపోయింది. తోలు ఉంది, లోపల నీరు ఉంది. రెండోదీ అంతే. వాటిని గట్టు మీద వరసగా పెట్టాడు. తొమ్మిదోది పెట్టేటప్పటికి ఈశ్వరమ్మ వచ్చింది.

"ఏమైందన్నా?"

"కుళ్లిపోయినాయి."

"మస్తు వానలు పడె గద. వానకే అయ్యుంటది."

"వాన గాదు. నేనే నీళ్లు పోసినా. మే నెలంతా."

"నువ్వా? పోయినేడు నేను ఒక్కపారి యాది మరిచి ఈడ డబ్బా దించితే మూడు దినాలు నాతోని మాట్లాడలే!"

"అవును."

"మరెందుకు పోసినవ్?"

"ఊరికే నిలబడలేక."

 ఆమె చీర చెంగు దోపుకుని అటువైపు కూర్చుని తానూ మట్టి తీయసాగింది. మడి అంచున ఒక రాయి ఉంది. దాన్ని దొర్లించి, కింద తడిమింది.

"అన్నా, ఇది గట్టిగున్నది."

బొటనవేలంత గడ్డ. నీళ్లు చేరని చోట మిగిలింది. కొనన తెల్లటి కన్ను, బియ్యపు గింజంత. ఓబులేసు దాన్ని అరచేతిలో పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వే నాటు. యాడ నాటినావో నాకు చెప్పొద్దు."

"గదేం ముచ్చట? అక్క తెచ్చిన గడ్డ, నువ్వు చూడకుంటే ఎట్ల?"

"మళ్లా వేసవి వస్తాది. తెలిస్తే నేను ఆగను."

ఈశ్వరమ్మ అతని ముఖం వైపు చూసింది. గడ్డను రేలాకులో చుట్టుకుని, చెట్ల మధ్యకు వెళ్లింది. అతను అటువైపు వీపు తిప్పి కూర్చున్నాడు. ఆమె అడుగుల చప్పుడు కూడా వినకూడదని గట్టు మీది కుళ్లిన గడ్డలు పూడ్చిపెట్టసాగాడు. ఆ సాయంత్రమే ఉమాశ్రీకి జరిగింది చెప్పాడు. ఆమె "సరేనండీ" అంది.

శనివారం యాభై మంది వచ్చారు. ఒకే రంగు టోపీలు. తంగేడు మొక్కలు నాటి, ఫోటోలు తీసుకుని, పదకొండింటికి వెళ్లిపోయారు. ఓబులేసు ఒక్కడే మిగిలి, వంకరగా నాటిన వాటిని సరిచేశాడు.

ఆ తర్వాత అతను దారి మధ్యలోనే నడిచాడు. పొదల కిందికి వంగలేదు. కంచె వైపు పని ఈశ్వరమ్మకు వదిలేశాడు. ఆమె ఏమీ చెప్పలేదు. గడ్డ మొలిచిందో, కొన విరిగిందో, పందికొక్కు తవ్వేసిందో అతనికి తెలియదు. పొద్దున ఆటోలో అదే ఆలోచన. సాయంత్రం ఆటోలోనూ అదే. శ్రావణం గడిచింది.

భాద్రపదంలో ఒక మధ్యాహ్నం ఇద్దరూ రేల చెట్టు కింద అన్నానికి కూర్చున్నారు. ప్రహరీ మీద నెమలి ఒకటి, రాలగా మిగిలిన తోకతో, ఎదుటి అద్దాల మేడ వైపు తిరిగి నిలబడి ఉంది. ఈశ్వరమ్మ మనవడి గురించి చెబుతూ టిఫిన్ ముందుకు లాక్కుంది.

ఆమె కుడిచేతి రెండు వేళ్ల మీద పసుపు మరక ఉంది. పొడిపొడిగా, గోరు అంచు దాకా.

ఓబులేసు చేయి చాచి టిఫిన్ మూత మీద అరచేయి ఆనించాడు.

"ముందు చెయ్యి" అన్నాడు.

ఆమె తన వేళ్ల వైపు చూసుకుంది.

"నేనేం చెప్పలే, అన్నా."

"నేనేం అడగలేదమ్మా."

ఆమె లేచి కుళాయి దగ్గరికి వెళ్లింది. ఆమె తిరిగి వచ్చేదాకా అతను మూత మీంచి చేయి తీయలేదు.