అమ్మవారి పురిటిల్లు

కాలవ పూడిక తీసే పొక్లెయిన్ పక్కనుంచి వెళ్తుంటే డీజిలు కంపు, తడి బురద వాసన కలిసి ముక్కుకు తగిలాయంటే చాలు, నాంచారమ్మత్త గుర్తొస్తుంది. వెంటనే ఒళ్లు మండుతుంది. మనిషి పోయి ఏళ్లయింది, నా మంట మాత్రం తగ్గలేదు.

అవనిగడ్డకు దిగువన, పాయ ఒడ్డున మా పాలెం. అత్త మా పక్కింటావిడ. పాయకు అవతల మడ అడవి. తొలకరి పడిందంటే అది గంగమ్మ తల్లి పురిటిల్లట. చేపా రొయ్యా పిల్లలు పెట్టేది అక్కడే కాబట్టి వల వేయకూడదు, కొమ్మ విరవకూడదు. పాలెమంతా పాటించేదే, కానీ అత్తలా మా ప్రాణాలు తోడేసినవాళ్లు లేరు. ఒడ్డున నలుగురం కాస్త గట్టిగా నవ్వినా, "బాలింత పడుకుందిరా, గొంతులు తగ్గించండి" అని కసిరేది. బందరు కాలేజీలో సైన్సు చదువుతున్న నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

తొంభైల్లో అందరికీ రొయ్యల చెరువుల పిచ్చి పట్టింది. మా పెద్దలే వాటాలు వేసుకుని, మడ నరికి చెరువులు తవ్వడానికి ఒప్పుకున్నారు. సరిగ్గా తొలకరి రోజుల్లోనే పొక్లెయిన్ దిగింది. మడ పోతే పాయలో చేప మిగలదని నేను గొంతు పోయేలా చెప్పాను. ఒక్కరు వింటే ఒట్టు. అత్త మాత్రం వీధిలో నిలబడి నెమ్మదిగా అంది.

"పురిటింట్లో కాలెట్టినోడికి మైల అంటుద్ది. ఆడికి నీళ్లిచ్చినోళ్లకీ అంటుద్ది. జాతర దగ్గరకొచ్చింది. ఆపైన మీ ఇష్టం."

జాతర ముందు మైల పడటానికి ఏ ఇల్లాలు ఒప్పుకుంటుంది? ఆ ఉక్కలో డ్రైవరుకు గుక్కెడు నీళ్లు పోసినవాళ్లు లేరు. వాటాలు వేసుకున్న మగాళ్లకు పెళ్లాలు వీధరుగు మీదే కంచాలు పెట్టారు. సాయంత్రం చూద్దును కదా, డ్రైవరుకు అత్తే అన్నం వడ్డిస్తోంది.

"మరి మైల?" అన్నాను.

"నాకు అంటనీ. ఆకలన్నోడికి పెట్టకపోతే అమ్మ ఊరుకుంటదా?"

అన్నంత పనీ చేసింది. ఆ ఏడు జాతరకు గడప దాటలేదు. గుడి వైపు డప్పులు వినిపిస్తుంటే కళ్లు తుడుచుకుంటూ కూర్చుంది. ఆ మొండితనానికి నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కంచాల దగ్గర మొదలైన గొడవతో వాటాలు విడిపోయాయి, మిషను మళ్లీ రాలేదు.

ఇప్పుడు ఆ ఒడ్డున కాపలా నాది. మొన్న తొలకరి పడ్డాక వలతో వచ్చిన కుర్రాడొకడు, "గంగమ్మ నిజంగా ఉందా మావయ్యా?" అని అడిగాడు. నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు.

"వల వేసి చూడు, తెలుస్తుంది" అన్నాను.

వాడు పాయ వైపు చూసి, వల చుట్టేసుకున్నాడు.