భుజాల కొలత

ఊళ్లో ఎవరి భుజం ఎంత ఎత్తున ఉంటుందో దర్జీ అమ్మాయికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఏడో తరగతిలో బడి మాన్పించి మిషను ముందు కూర్చోబెట్టారు. పద్దెనిమిదేళ్లయింది. టేపు మెడలో వేలాడుతూ ఉంటుందే గానీ దాని అవసరం తక్కువ. మనిషి గుమ్మంలో నిలబడితే చాలు, చొక్కా కొలతలన్నీ కళ్లతోనే తీసేస్తుంది. మాట మాత్రం అడిగితే తప్ప బయటికి రాదు.

ఆ ఊరికి రోడ్డు లేదు. ఎవరికి ప్రాణం మీదికొచ్చినా మోసే మంచం మీద పడుకోబెట్టి, కొండ దిగి, వాగు దాటి, అవతలి గట్టెక్కి తారురోడ్డు చేరాలి. మోసేవాళ్లంతా తమంతట తాము ముందుకొచ్చినవాళ్లే. "మా జట్టులో పెద్దా చిన్నా లేదు" అని చెప్పుకోవడం వాళ్లకి గొప్ప. నిజానికి ముందు కర్ర పట్టినవాడే పెద్ద. ఆ కర్ర ఎప్పుడూ కమ్మరిదే.

ఆ రోజు పొద్దున్నే వడ్రంగి ఇంటికప్పు మీంచి జారిపడ్డాడు. ఆయన దర్జీకి సొంత అన్న. తొడ ఎముక విరిగింది. నర్సమ్మ కాలికి చెక్కలు కట్టి, "మంచం ఒరిగితే విరిగిన ఎముక లోపల నరాన్ని కోసేస్తుంది. నిండు బిందెను మోసినట్టు మొయ్యండి" అంది. రోడ్డు మీద అంబులెన్సు వచ్చి ఉంది. వాగు నీళ్లేమో గంటగంటకీ పెరుగుతున్నాయి.

నలుగురూ కర్రలు భుజాలకెత్తుకున్నారు. ముందు కమ్మరి, ఆయన పక్కన పాత పోస్టుమాస్టరు. వెనక పాలాయన, బస్సు డ్రైవరు. దర్జీ పక్కనే మందుల సంచీతో నడిచింది. పది అడుగులు వేశారో లేదో మంచం ఎడమకి వాలింది. వడ్రంగి పళ్లు బిగబట్టాడు.

"కుడికి తిరగండి" అన్నాడు కమ్మరి.

"తిరక్కండి, ఆగండి" అన్నాడు పోస్టుమాస్టరు.

"ఎవరి మాట వినాలయ్యా?" వెనక నుంచి డ్రైవరు.

"ఈ మంచం చేసింది నేను. నా మాట వినండి" అన్నాడు పైనుంచి వడ్రంగి.

దర్జీ ముందుకీ వెనక్కీ చూసింది. ముందువాళ్లకి అన్న ముఖం కనబడదు. వెనకవాళ్లకి దారి కనబడదు. రెండూ కనబడుతున్నది తనొక్కదానికే. కమ్మరి భుజానికీ పోస్టుమాస్టరు భుజానికీ జానెడు తేడా ఉందని కూడా తనకే తెలుసు.

"దించండి" అంది.

ఎవరూ వినలేదు. వెళ్లి కమ్మరికి అడ్డంగా నిలబడింది. "దించు మామా."

"మధ్యలో నువ్వేంటమ్మాయ్? నువ్వు మోస్తున్నావా?"

"మొయ్యట్లేదు. అందుకే నాకు కనిపిస్తోంది. మీ అందరి చొక్కాలూ నేను కుట్టినవే. నువ్వూ పాలన్నా పొడుగు. పోస్టుమాస్టరు బాబాయీ డ్రైవరన్నా మీకంటే జానెడు తక్కువ. దిగేటప్పుడు పొడుగువాళ్లిద్దరూ ముందుండాలి."

అంత పొడవైన మాట ఆమె నోట ఎవరూ విని ఉండరు. దించారు, మారారు, ఎత్తారు. మంచం బల్లపరుపుగా నిలిచింది. వడ్రంగి కళ్లు తెరిచి, "అబ్బ, ఇప్పుడు పడుకున్నట్టుంది" అన్నాడు.

ఇక ఆమె ఆగలేదు. వాళ్లకి ఎదురుగా వెనక్కి అడుగులేస్తూ, "కుడి కాలు. జారుడు రాయి, తప్పుకోండి. పాలన్నా, నెమ్మది" అంటూ దింపింది. వాగులో మోకాళ్ల దాకా నీళ్లు. తనే ముందు దిగి పాదంతో తడిమి, గట్టిగా ఉన్నచోటే అడుగు వేయించింది. ఒంట్లో రక్తం పరుగులు తీస్తోంది. భయమో సంతోషమో ఆమెకే తెలియలేదు.

అవతలి గట్టు దగ్గర మళ్లీ ఆపి, మంచం దించమంది.

"మామా, ఇప్పుడు ఎక్కాలి. నువ్వూ పాలన్నా వెనక్కి రండి."

కమ్మరి కదల్లేదు. "ఇరవయ్యేళ్లుగా నేను ముందున్నానమ్మాయ్. వెనక నడిచి ఎరగను."

"నువ్వు ముందుంటే అన్న తల కిందికైపోతుంది."

"నన్ను వెనక్కి పొమ్మని ఇంతవరకూ ఎవరూ అన్లేదు."

అంబులెన్సు హారన్ మోగింది. ఆమె చూపు దించుకోలేదు. "నేనంటున్నా. బరువంతా వెనకే పడుతుంది మామా. అంత బరువు ఆపగలిగేది నువ్వే."

కమ్మరి వడ్రంగి ముఖంలోకి చూశాడు. మంచం చుట్టూ తిరిగి వెనక కర్ర అందుకున్నాడు. "ఊఁ, చెప్పు" అన్నాడు.

ఆమె చెప్పింది, వాళ్లు ఎక్కారు. అంబులెన్సు మనిషి కాలు చూసి, "కట్టు కొంచెం కూడా కదల్లేదే. మీలో లీడరెవరండీ?" అని అడిగాడు. నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి పోస్టుమాస్టరు సంచీ పట్టుకున్న ఆమె వైపు గడ్డంతో చూపించాడు.

వడ్రంగిని ఎక్కించుకుని బండి వెళ్లిపోయింది. ఖాళీ మంచం రోడ్డు పక్కనే ఉంది. కమ్మరి దాని దగ్గరికెళ్లి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఇప్పుడు దిగాలి. నేను ముందా, వెనకా?"

"ఖాళీ మంచమే కదా మామా. ఎక్కడైనా పట్టుకో."

"చెప్పేదాకా ఎత్తను."

పాలాయన నవ్వాపుకోలేక తల తిప్పుకున్నాడు. దర్జీ అమ్మాయి గట్టు వాలును కళ్లతో కొలిచింది.

"ముందు" అంది.