మంచు నిలవని గుట్ట

పోయిన శనివారం షాంటిలీ నుంచి ట్రాయ్‌లోని అక్కావాళ్ళింటికి డ్రైవ్ చేస్తూ పెన్సిల్వేనియాలో కాఫీకి ఆగాం. రోడ్డవతలి నల్లటి గుట్టను చూపించి మా అమ్మాయి, "మమ్మీ, అది హిల్ కదా?" అంది. కాదు, గని తవ్వినవాళ్ళు పారబోసిన చెత్త అన్నాను. ఒకప్పుడు నేను అక్కడే పనిచేశానని మాత్రం చెప్పలేదు.

ఆ చెత్తలో మిగిలిపోయిన బొగ్గును వెలికితీసే చిన్న కంపెనీలో మా బావగారు ఇంజినీరు. నేను ల్యాబ్‌లో బొగ్గు కాల్చి ఎంత బూడిద మిగిలిందో చూసేదాన్ని. గుట్టను తవ్వి, ఆ సరుకును చిక్కటి ద్రవంలో వేస్తే రాయి మునిగి బొగ్గు తేలుతుంది. వినడానికి బియ్యంలో రాళ్ళు ఏరినంత సులువు. నా చేతి గీతల్లో నలుపు మాత్రం ఏ సబ్బుకీ లొంగేది కాదు. ఇండియన్ స్టోర్‌లో నేను వంకాయలు ఏరుతుంటే పక్కావిడ తన బుట్ట దూరంగా జరుపుకొనేది.

బావగారికి ఆ ఊళ్ళో ఒక ముసలి గని కార్మికుడితో స్నేహం. తన చిన్నప్పుడు ఆ గుట్ట మీద మంచు నిలిచేది కాదని ఆయన ఒకసారి మాటల్లో అన్నాడట. బావగారు తింటున్న శాండ్‌విచ్ వదిలేసి లేచారు. మంచు కరిగిందంటే లోపల ఏళ్ళ తరబడి నిప్పు రగిలినట్టే, బొగ్గు ఎప్పుడో కాలిపోయినట్టే. లోతుగా డ్రిల్ చేసి చూద్దామని మేనేజర్‌ని నాలుగుసార్లు అడిగారు. అంచుల్లో పారతో తీసిన శాంపిల్స్ చాలన్నాడతను. అవి బాగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. అందులో కాలిన ఎర్ర రాయి వచ్చింది. దాన్ని పక్కనపెట్టి ఇంకోటి టెస్ట్ చేయమన్నాడు. చేశాను. కంపెనీ చేయించాల్సిన నా వీసా రెన్యూవల్ ఆ నెలలోనే ఉంది.

ఆరు నెలలకు మెషిన్లు గుట్ట నడుమకు చేరాయి. ఇటుకబట్టీని తవ్వినట్టు, ఎటు చూసినా ఎర్ర రాయే. ప్లాంటు మూసేశారు.

ఆఖరి రోజు పార్కింగ్ లాట్‌లో బావగారు అడిగారు. "ఏ శాంపిల్‌లోనూ ఎర్ర రాయి రాలేదామ్మా?"

"రాలేదు బావగారూ."

ఆయన తలూపి కారెక్కారు. రుజువు చూపించి మేనేజర్‌ని ఆపలేకపోవడం తన తప్పేననుకుని, తర్వాత గనుల వైపే వెళ్ళలేదు. ఇప్పుడు ట్రాయ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నారు.

శనివారం భోజనాల దగ్గర ఇక ఉండబట్టలేక జరిగినదంతా చెప్పేశాను. ఆయన ఒక్క క్షణం నా వంక చూసి, "అదెప్పటి మాటమ్మా. సాంబార్ చల్లారిపోతోంది, తిను," అన్నారు. నాలుగు తిట్టినా బాగుండేది. ఒక్క నిమిషంలో చెప్పాల్సిన నిజానికి నేను పన్నెండేళ్ళు తీసుకున్నాను. ఈలోగా దానితో అవసరం ఉన్న మనిషి, అది లేకుండానే బతకడం నేర్చేసుకున్నారు.