ఆళ్లగడ్డలో ఇద్దరు దొరలు

నల్లటి మనిషికి తెల్లదొర వేషం కట్టడం మా ఆళ్లగడ్డ హైస్కూల్లో తప్ప నేనెక్కడా చూడలేదు. మత్తయి సారు మాకు సోషల్ మాస్టరు. పుట్టింది నంద్యాలలో, మిషను కాంపౌండు పక్క వీధిలో. ఆ ఒక్క కారణానికే ఏటా పంద్రాగస్టు నాటకంలో ఆయనను ఇంగ్లీషు కలెక్టరును చేసేవారు. డబ్బా పౌడరంతా పూసినా చెవుల దగ్గర అసలు రంగు బయటపడేది. ఊళ్లో పేరే 'దొర' అయి కూర్చుంది. మా సీమలో తెల్లవాడూ దొరే, వాడితో పోరాడిన పాలెగాడూ దొరే. ఈయన మాత్రం తెల్లదొర. నాటకం రాసేది తెలుగు టీచర్నైన నేను, వేషాలు పంచేది హెడ్‌మాస్టరు. చెబితే వినే మనిషా ఆయన!

మత్తయి సారు పాఠం మొదలుపెడితే పక్క గదిలో నా పద్యం ఆగిపోయేది. పుస్తకం పైకెత్తి, "పాలెగాళ్లు దోపిడీదొంగలని ఈడ రాసినారు. రాసిందెవరు?" అని అడిగేవారు. శిస్తు వసూలు చేసేటోళ్లు సార్ అని పిల్లలు అరిచేవారు. మరి మీ అవ్వ ఏమంటాదో అడుక్కొని రాండి అని పంపేవారు. మరునాడు క్లాసంతా అవ్వల కథలే. మత్తయి సారు ముత్తాత కరువులో గంజి కోసం మతం మారాడని తెల్లపాదిరి రాసుకున్నాడట. గంజి తాగిందీ నిజమే, పాలెగాడి గుర్రాలకు గడ్డి కోసిందీ నిజమే, రెండోది రాసేటోడే లేకపోయె అని నవ్వేవారు.

నవ్వేవారు గానీ, ఆ కలెక్టరు టోపీ అంటే ఆయనకు కడుపుమంట. ఒక్కసారైనా మనవాళ్ల వైపు నిలబడి ఆడాలని ఆశ.

డెబ్బై తొమ్మిదిలో, నాటకం రేపనగా, పాలెగాడి వేషం వేసే డ్రిల్లు మాస్టరు మద్దిలేటి కబడ్డీలో కాలు బెణికించుకున్నాడు. ఆ డైలాగులన్నీ నోటికి వచ్చినవాడు మత్తయి సారొక్కరే. కిరస్తానీ మనిషి పాలెగాడంటే జనం ఒప్పుకుంటారా అని హెడ్‌మాస్టరు నసిగాడు.

"ఇంత నల్లోణ్ణి తెల్లదొరంటే ఒప్పుకున్యారు గదా సార్, దీనికేమి?" అన్నారు మత్తయి సారు.

మరి దొరెవరు? మాలో ఎర్రగా ఉన్నది హెడ్‌మాస్టరే. టోపీ నేనే ఆయన నెత్తిన పెట్టాను. అబ్బ, ప్రాణం ఎంత హాయిగా ఉండిందో!

మైదానం నిండా జనం. అతికించిన మీసంతో మత్తయి సారు వచ్చి, కత్తి దూసి, "టుమ్ శిస్టు కట్టాలా" అన్నారు. ఇన్నేళ్లు కలెక్టరుగా పలికిన అలవాటు మరి! జనం గొల్లుమన్నారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి యాడ పోతాదప్పా అని ముందు వరుసలో ఎవడో అన్నాడు. ఆయన మొహం మాడిపోయింది. వాణ్ణి కొట్టాలనిపించింది నాకు.

మత్తయి సారు కత్తి హెడ్‌మాస్టరు వైపు తిప్పి, జనాన్ని చూశారు.

"విన్యారాప్పా? మన మాట పలికేది గూడా రాదు ఈయప్పకు. ఈయప్పకు మనం శిస్తు కట్టాల్నంట."

ఈలలతో మైదానం అదిరిపోయింది. మద్దిలేటి కట్టుకట్టిన కాలు మరిచి ఎగిరి, అమ్మో అని కూలబడ్డాడు. ఆ మాట నేను రాసింది కాదు, రాసుంటే ఎంత బాగుండేది.

మరునాడు నేను బస్సు దిగేసరికి స్టాండు పక్కన హోటలు అంకన్న ఆయనకు గ్లాసు అందిస్తున్నాడు, టీ తాగు దొరా అంటూ. మత్తయి సారు చెయ్యి చాపలేదు.

"ఏ దొరనప్పా?"

"మన దొరవే లేప్పా, తాగు."

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఎవరైనా మత్తయి సారూ అని పిలిస్తే ఆయనకు కోపం.