దొరసానమ్మ చెట్టు, మా ఉప్పు కుండ

ఉప్పు కుండ ఊరికే ఖాళీ అయిపోతోందని మా అత్త నన్ను దెప్పేది. "ఏమ్మే, కూర వండుతాండావా, ఉప్పు వండుతాండావా?" అనేది. నేను కాపురానికి వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. నోరు మూసుకునే రకాన్ని కాను, అయినా ఆ ఒక్క మాటకు గిన్నెలు దబదబా పెట్టి ఊరుకునేదాన్ని. నేను వేసేది చిటికెడేనని నాకు తెలుసు కదా!

అవి తెల్లదొరల రోజులు. మార్కాపురం అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. ఊరి బయట మిషన్ ఆసుపత్రి, దాని వెనక డాక్టరు దొరసానమ్మ బంగళా. మా ఆయన అక్కడ తోటమాలి. కాంపౌండు గోడ వారగా మాకో కొట్టం ఇచ్చారు. పని ఉన్నన్నాళ్ళే ఆ కొట్టం. ఆ సంగతి మా ఇద్దరికంటే అత్తకే బాగా గుర్తుండేది. అర్ధవీడు వైపు ఊరూరా కూలికి తిరిగి, చంకలో కొడుకును మోసుకుంటూ బతికిన మనిషి ఆమె. తలుపున్న ఇంట్లో పడుకోవడం ఆమెకు అదే మొదలు.

బంగళా వసారాకు ఉత్తరాన, నీడలో ఒక చెట్టుండేది. చెట్టంటే లేచి నిలబడేది కాదు, చాప పరిచినట్టు నేల మీద పాకేది. సరుగుడు లాంటి సన్నాకు, నలిపితే ఘాటైన వాసన. దొరసానమ్మ దాన్ని జునిపర్ అనేది, మేము దొరసానమ్మ చెట్టు అనేవాళ్ళం. వాళ్ళమ్మ వాకిట్లో అలాంటిదే ఉండేదట. ఎక్కడో చలి కొండల నుంచి తడిగుడ్డలో చుట్టి తెప్పించుకుంది. మా ఎండలకు అది బతకడమే గొప్ప. ఆసుపత్రికి వచ్చిన వాళ్ళంతా ఆగి, "అబ్బ, ఎంత పచ్చగుందో!" అని మరీ పోయేవాళ్ళు.

ఆమె సెలవు మీద వాళ్ళ దేశం పోతూ మా ఆయనను పిలిచింది. ఆమెది పుస్తకాల్లో నేర్చిన తెలుగు. "నేను మరలి వచ్చువరకు ఈ మొక్కను బ్రదికించుము" అంది. ఈయన చేతులు కట్టుకుని "బతికిస్తానమ్మా" అన్నాడు. గోడ చాటున విన్న అత్త ఇంటికొచ్చి, "అది పోయిందంటే మన కొట్టం పోయినట్టే" అని తేల్చేసింది.

మూడు నెలలకు చెట్టు మాడటం మొదలైంది. ముందు లోపలి ఆకు గోధుమరంగుకు తిరిగి రాలింది. "పాతాకులే, రాలిపోయేదే అది" అన్నాడు మా ఆయన. తర్వాత వసారా వైపు కొసలు ఎర్రబడ్డాయి. అప్పుడు ఆయన ముఖం మారింది.

నీళ్ళు ఎక్కువయ్యాయేమోనని చెట్టు మొదట్లో వేలు గుచ్చి చూశాడు. బురదగా లేదు. బంగళా కుక్క రోజూ అక్కడే కాలెత్తుతోందేమోనని దాన్ని వారం రోజులు కట్టేయించాడు. పాపం, దాని ఏడుపు వినలేక చచ్చాం. నా తెల్లచీర కొంగు కింద పట్టించి కొమ్మను తట్టాడు, ఎర్రనల్లి పురుగు రాలుతుందేమోనని. దుమ్ము తప్ప ఏమీ కదల్లేదు. గోటితో బెరడు గీకాడు. కొన్ని కొమ్మల్లో లోపల పచ్చగా ఉంది, కొన్ని కట్టెపుల్లలైపోయాయి. తిండి సహించేది కాదు ఆయనకు. "మాటిచ్చినానే" అనేవాడు, అంతే.

ఒకరోజు పొద్దున చెట్టు మొదట్లో మట్టి మీద తెల్లటి పూత కనిపించింది. వేలికి అద్ది నాలుక మీద పెట్టుకున్నాడు. ఉమ్మేసి నా వైపు చూశాడు.

"ఉప్పే ఇది. మన బాయి నీళ్ళు తియ్యనివి గదా, ఇదేడ నుంచి వచ్చింది?"

నాకు ఒక్కసారిగా తెలిసిపోయింది. అత్త అక్కడే నిలబడి ఉంది. ఇన్నాళ్ళ కోపమంతా నోట్లోకి వచ్చేసింది. "మన ఉప్పు కుండ ఏడికి పోతాందో ఇప్పుడు తెలిసిందయ్యా! మీ అమ్మనే అడుగు!" అని అరిచాను. అరిచాక ఆమె ముఖం చూసి నాలుక కరుచుకున్నాను.

ఆమె అక్కడే కూలబడింది. "అందురూ పచ్చగుంది, పచ్చగుంది అని కండ్లు పెడతాండ్రి నాయనా. రోజూ పొద్దు గూకేటప్పుడు దిష్టి తీసినా. తీసిన ఉప్పు ఎవురూ తొక్కగూడదు గదా. ఈ కాంపౌండులో ఎవురూ తొక్కని చోటు ఆ చెట్టు మొదలొక్కటే. చెంబులో కరిగించి ఆడనే పోసినా."

మేము కిరస్తానం పుచ్చుకున్నవాళ్ళం, దిష్టి సంగతి బయటపడితే మిషన్ గుడిలో పాదిరి అయ్యగారు నలుగురిలో నిలబెట్టి అడుగుతారని ఆమెకు తెలుసు. అందుకే నా మీద పెట్టింది ఆ ఉప్పు ఖర్చంతా. మా ఆయన గబగబా కొట్టంలోకి పోయాడు. పార తెచ్చుకున్నాడు. తిట్టినా బాగుండేది.

పై మట్టి ఎత్తి పారబోశాడు. వాగు ఇసుక కలిపిన మట్టి పోశాడు. విరిగిన పలక ముక్కలు నిలబెట్టి నీళ్ళు బయటికి పోవడానికి కాలువ తీశాడు. పది రోజులు ఇద్దరం బావి నీళ్ళు మోసి, ఉప్పు కిందికి దిగిపోయేలా నిదానంగా పోశాం. ఆ తర్వాత ఆరనిచ్చాడు. గీకితే పచ్చ కనిపించని కొమ్మలన్నీ కోసేశాడు. చెట్టు సగానికి సగం బోసిపోయింది.

ఆ రోజు నుంచి అత్త ఉప్పు మానేసింది. "చెట్టు పచ్చబడేదాకా నాకు వద్దు" అని చప్పిడి సంగటి తినేది. తెలియకుండా కలిపి పెడితే మొదటి ముద్దకే పట్టేసి గిన్నె నెట్టేసేది. ఆ గిన్నె చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఇంత మొండి మనిషిని నేనెప్పుడూ చూడలేదు, ఇంత జాలి కూడా ఎవరి మీదా పడలేదు.

దొరసానమ్మ తిరిగొచ్చే నాటికి మిగిలిన కొమ్మల కొసల్లో లేతచిగురు వచ్చింది. బోసి చోటు మాత్రం అలాగే ఉంది. ఆమె నేరుగా అక్కడికే వచ్చి నిలబడింది. మా ఆయన "తప్పు నాదేనమ్మా" అంటుండగానే అత్త అడ్డం వచ్చింది. అంతా చెప్పేసింది, దిష్టితో సహా.

"ఏల చేసితివి?" అంది దొరసానమ్మ.

"నా కొడుకు కూడూ గూడూ ఈ చెట్టు మీదనే ఉండాయి గదా తల్లీ. వాని దిష్టి అనుకోనే తీసినా."

దొరసానమ్మ వంగి ఆ లేతచిగురును చాలాసేపు నిమిరింది. తర్వాత మా ఆయనతో, "రేపు ఉదయము దీనికి కొంచెము నీరు పోయుము" అంది. పనీ కొట్టమూ నిలిచాయని మాకు అర్థమైంది.

ఇంటికొచ్చి సంగటి పెట్టాను. అత్త మళ్ళీ చప్పిడిదే కావాలంది. "మాడిన తావు ఇంకా పచ్చబడలేదు గదా" అంది.

"మాడిన కొమ్మ ఎన్నటికీ పచ్చబడదమ్మా, అందుకే కోసేసినా. పక్క కొమ్మ పెరిగి దాన్ని కప్పాల." మా ఆయన ఉప్పు కుండ దగ్గరికి లాక్కుని, ఆమె గిన్నెలో తన చేత్తోనే వేసి కలిపాడు.

ఆమె ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్ళు తుడుచుకుంది. "ఇంత ఉప్పేందిరా, నన్ను గూడా ఆ చెట్టు మాదిరి మాడుస్తావా ఏంది?" అంది.

మేమిద్దరం పకపకా నవ్వాం. ఆమె గిన్నె పక్కన పెట్టలేదు. ఊడ్చుకుని తినేసి, ఇంకొంచెం పెట్టమని నా వైపు చాపింది.