హోటల్ చూపులు

పదకొండో హోటల్‌ను కూడా మా అమ్మ దిండు గలీబు దగ్గరే తిప్పి పంపింది. ఫోన్ తెర మీద రెండు వేళ్ళు పెట్టి ఆ గది ఫోటోను పెద్దది చేసింది, ఇంకా పెద్దది చేసింది, తెర నిండా తెల్ల గుడ్డ తప్ప ఏమీ లేకుండా పోయాక ఆగింది.

"ఇగ చూడు. గలీబు కుట్టు బయటికున్నది. తిరగేసి తొడిగిండ్రు. ఫోటో దిగేటి దినమే గిట్ల చేసినోళ్ళు మామూలు దినాలల్ల ఎట్ల చేస్తరో సోంచాయించు."

అదే ఫోటోలో కిటికీ బయట ఒక జెయింట్ వీల్ ఉంది. దాని పక్కన మూడంతస్తుల ఎత్తు నుంచి కిందికి తిరిగే నీళ్ళ జారుడుబల్ల ఉంది. మేము పోవాలనుకున్నదే వాటి కోసం. అమ్మ వేళ్ళ కింద అవి రెండూ ఎప్పుడో తెర దాటిపోయాయి.

విషయం చిన్నది. నగరానికి అవతలి అంచున ఒక థీమ్ పార్క్, దాన్ని ఆనుకొని దాని పుణ్యాన బతికే హోటళ్ళు, రిసార్టులు ఉన్నాయి. వాటిలో ఒకటి ఎంచుకొని రెండు రాత్రులు ఉండి రావాలి. అమ్మ, బాపు, అక్క, ఆరేళ్ళ నా మేనకోడలు, నేను. దేశాలు ఇంతకంటే తక్కువ చర్చతో సరిహద్దులు గీసుకొని ఉంటాయి.

ఈ ప్రయాణం అడిగింది పిల్ల కాదు, అమ్మ. అమ్మ తొమ్మిదేళ్ళుగా ఎయిర్‌పోర్ట్ దగ్గరి ఒక పెద్ద హోటల్‌లో గదులు సర్దుతోంది. షిఫ్టుకు పదహారు గదులు. ఒకరోజు అన్నం తింటూ, ఉప్పు అడిగినంత మామూలుగా అంది: "నేనేసిన పరుపుల మీద ఎవరెవరో పండుకున్నరు. ఎవరన్న ఏసిన పరుపు మీద నేనొక్కసారి పండుకోవాలె."

మా ఇంట్లో అమ్మ ఏదైనా కావాలని అడగడం అంత తరచుగా జరిగే సంగతి కాదు. అక్క వెంటనే ఫోన్ తీసింది. డబ్బు తాను పెట్టుకుంటానంది. అమ్మ సూపర్‌వైజర్ వరసగా మూడు రోజులు సెలవిస్తానన్నాడు. కాకపోతే శనివారం సాయంత్రం ఐదింటిలోగా తేదీలు చెప్పాలన్నాడు. అది దాటితే పెళ్ళిళ్ళ సీజన్, అది అయ్యేదాకా ఎవరికీ సెలవు లేదు. ఆ తర్వాత బడులు తెరుస్తారు. అంటే శనివారం దాటితే అమ్మ పరుపు వచ్చే ఏడాదికి పోయినట్టే.

ఇంత తెలిసీ ప్రతి హోటల్‌నూ కొట్టేస్తున్నది అమ్మే.

ఒకచోట అద్దం మూల మీద చెయ్యి గుర్తు. ఒకచోట తువ్వాలలను హంసల్లా మడిచారు. "హంసలు చేసేటోడు బాత్రూం కడగడు, టైం యాడిది?" ఒకచోట అంతా బాగుంది, ఒక్క తప్పూ లేదు. దాన్ని అందుకే నమ్మలేదు.

బాపుది ఇంకో రకం. బాపు ఎయిర్‌పోర్ట్‌లో క్యాబ్ నడుపుతాడు. ఈ నగరంలో ఏ హోటల్ పేరు చెప్పినా ఆయనకు తెలుసు, పోర్టికో వరకు. "మంచి హోటల్. ర్యాంపు ఎత్తు తక్కువ, బండి అడుగు తాకది," అంటాడు. లోపల ఏముంటుందో ఆయనకు తెలియదు. అమ్మకేమో ఒక హోటల్ లోపలంతా తెలుసు, కానీ తొమ్మిదేళ్ళలో దాని ముందు తలుపు గుండా ఒక్కసారీ లోపలికి పోలేదు. పనివాళ్ళ గేటు వెనక సందులో ఉంటుంది. ఇద్దరి జ్ఞానాన్నీ కలిపితే ఒక పూర్తి హోటల్ తయారవుతుందని నేనన్నాను. ఎవరూ నవ్వలేదు.

రిసార్ట్ అన్న మాట వినగానే బాపు ఉలిక్కిపడ్డాడు. "రిసార్టా? మనమేమన్న ఎమ్మెల్యేలమా, దాసిపెట్టనీకి?"

"బాపూ, మామూలు మనుషులు కూడ పోతరు," అంది అక్క.

"పోతే మల్ల బయటికి రానిస్తరా?"

"ఓటేసినంక రానిస్తరు," అన్నాను నేను.

"నువ్వు జర నోరు ముయ్యి," అంది అక్క. ఆమె పరేషాన్‌లో ఉంది. రాత్రీ పగలూ రివ్యూలు చదివి, ముక్కూ మొహం తెలియని వాళ్ళ కడుపు సంగతులన్నీ ఆమెకు కంఠస్థమయ్యాయి. ఒకాయన ఉప్మాలో జీడిపప్పు లేదని రెండు చుక్కలిచ్చాడు. ఇంకొకావిడ నెమలి అరుస్తోందని ఒకటే ఇచ్చింది. అక్క ఆ నెమలి గురించి రెండు రోజులు నిజంగా ఆలోచించింది. విమానాలు దిగే దారి కింద ఇన్నేళ్ళుగా నిద్రపోతున్న మనిషి.

ఈ విమానాల సంగతి కూడా చెప్పాలి. మా పాల్మాకుల ఇంటి మీదుగా విమానం పోతుంటే మాట మధ్యలో ఆపి, అది పోయాక అదే అక్షరం నుంచి అందుకోవడం మాకందరికీ అలవాటు. అందువల్ల మా ఇంట్లో గొడవలు ఎప్పుడూ పూర్తి వేడికి రావు. సరిగ్గా అరవబోయే సమయానికి ఎవరో దుబాయ్ నుంచి దిగుతుంటారు.

బుధవారం అక్క ఒక హోటల్ ఖాయం చేసేయబోయింది. అమ్మ, "ప్రార్థనల పెడుదాం," అంది. మా చర్చి సంఘంలో ఆ మాటకు వేరే విలువ ఉంది, నేను కాదనను. కానీ మా ఇంట్లో దానికి ఇంకో అర్థం కూడా ఉంది: ఇప్పుడు నన్నేమీ అడగొద్దు. మా పెద్దమ్మ కూతురికి వచ్చిన నాలుగు సంబంధాలు ఇప్పటికీ ప్రార్థనలోనే ఉన్నాయి.

శుక్రవారానికి ఇంట్లో ఎవరూ ఒకచోట కూర్చోవడం లేదు. అక్క ఫోన్ పట్టుకొని వాకిలికీ వంటింటికీ మధ్య తిరుగుతోంది. బాపు తుడిచిన బండినే తుడుస్తున్నాడు. అమ్మ ఇంట్లో ఉన్న రెండు మంచాల మీదా దుప్పట్లు తీసి వేసి, తీసి వేసి, మేనకోడలు వాటి మీద ఎక్కినప్పుడల్లా దింపుతోంది. ఎవరి కాలు ఎవరికి తగిలినా గొడవే.

"ఇగ ఎందుకే ఇదంత," అన్నాడు బాపు. "కొత్వాల్‌గూడ కాడ కూసోని హిమాయత్ సాగర్ చూసొద్దాం. పల్లీలు తిందాం. అయిపాయె."

"అండ్ల జారుడుబండ ఉంటదా తాతా?" అంది పిల్ల.

"గట్టు మీదికెల్లి జారొచ్చు," అన్నాను.

అమ్మ నావైపు చూసింది. "నీకు అన్నీ నవ్వులాటే కొడుకా. ఫోటో చూసి పిల్లను ఖాయం చేస్తమా? చూడాలె గద. చూసొద్దాం, అప్పుడు చెప్త."

అలా, హోటల్‌కు పోవడానికి ముందు హోటల్ చూడటానికి పోవడం అనే కార్యక్రమం ఖాయమైంది. శనివారం పొద్దున అమ్మ పట్టుచీర కట్టుకుంది. నేను అడగకుండా ఉండలేకపోయాను: "అమ్మా, పిల్లాడు ఏం చదివిండు?"

"త్రీ స్టార్," అంది అక్క, ఆ వారంలో మొదటిసారి నవ్వుతూ.

రింగు రోడ్డు మీద మంఖాల్ దాటాం. అమ్మ కొంగు చివర వేలికి చుట్టడం, విప్పడం అద్దంలో కనిపిస్తోంది. నేను గడియారం చూస్తున్నాను, బాపు నన్ను చూస్తున్నాడు.

మొదటి హోటల్ పోర్టికోలో బాపు బండి ఆపి, దిగి, డిక్కీ తెరిచాడు. డిక్కీలో ఏమీ లేదు. చేతి అలవాటు. "మీరు పొయి రాండ్రి," అని మళ్ళీ స్టీరింగ్ వెనక కూర్చున్నాడు. లోపలికి రమ్మంటే, "బండి ఈడ ఎక్కువసేపు ఆపనియ్యరు," అన్నాడు. దిగి చూస్తే అమ్మ లేదు. గోడ వెంట పక్క సందులోకి చకచకా నడుస్తోంది. అక్కడ ఇనుప గేటు, దాని పక్కన రిజిస్టర్ పెట్టుకొని వాచ్‌మన్.

"ఇంటర్వ్యూకా అక్కా?" అన్నాడు అతను, మర్యాదగానే. "సోమవారం రాండ్రి."

అమ్మ అతని వైపూ, గేటు వైపూ, తన పట్టుచీర వైపూ చూసుకుంది. "లేదు తమ్మీ," అని వెనక్కి వచ్చింది. నా దగ్గర ఆ క్షణానికి సరిపోయే జోకు ఒకటి తయారుగా ఉంది. వాడలేదు. ఇప్పటికీ అలాగే ఉంది, కావాలంటే ఇస్తాను.

ఆ హోటల్‌ను అమ్మ వాసన చూసే వద్దనేసింది. చెమ్మ మీద ఫినాయిల్ చల్లారట.

రెండో హోటల్‌లో రిసెప్షన్ అమ్మాయి తాళం కార్డు తీసుకొని రెండో అంతస్తుకు తీసుకెళ్ళింది. కోస్తా మాట, మెత్తటి నడక. "ఇదండీ గది. పార్క్ వైపు ఉంటుందండీ," అని తలుపు దగ్గర పక్కకు జరిగి, అమ్మను ముందు పొమ్మంది. అమ్మ ముందుకు వెళ్ళింది. వేలి కణుపులతో తలుపు మీద మూడుసార్లు తట్టి, నేనెప్పుడూ వినని గొంతుతో, స్పష్టంగా, "హౌస్‌కీపింగ్!" అంది.

కారిడార్‌లో ఏసీ చప్పుడు వినిపించింది.

"కమిన్!" అంది మేనకోడలు.

పిల్ల లోపలికి దూరి పరుపు మీదికి ఎగిరింది. రిసెప్షన్ అమ్మాయి నవ్వును మింగడానికి కిటికీ తెర సర్దింది. అమ్మ లోపలికి వచ్చింది. కిటికీలో జెయింట్ వీల్ నిజంగానే ఉంది. అమ్మ పరుపు అంచున కూర్చుంది, వెంటనే లేచింది, తాను కూర్చున్న చోట పడిన మడతను అరచేత్తో సాఫు చేసింది.

"మేడమ్, మీరెందుకండీ, మేం చేయిస్తాం," అంది ఆ అమ్మాయి.

ఆ మాటతో అమ్మ బయటికి వచ్చేసింది. కారిడార్‌లో నా చెయ్యి పట్టుకొని, "నాతోని కాదు రా. ఇంటికి పోదాం," అంది.

"ఏమైంది? గలీబా?"

"గలీబు మంచిగనే ఉన్నది." కాసేపు ఆగింది. మీద ఏ విమానమూ లేదు. "నేను పండుకోని లేస్త. అప్పుడు ఒకామె అచ్చి నా ఎంట్రుకలు ఏరుతది, నేను తాగిన గిలాస కడుగుతది. ఎవరెవరిదో నేను ఏరుతున్న గని, నాది ఇంకొకామెతోని ఎట్ల ఏరిపిస్త?"

పదకొండు హోటళ్ళు పోయింది దుమ్ము వల్ల కాదని నాకు అప్పుడు తెలిసింది. అప్పటికి మూడున్నర. తెలివి రావడానికి మా ఇంట్లో ఎవరిదీ సరైన టైమింగ్ కాదు.

అక్క ఏదో చెప్పబోయేలోగా, కారిడార్ చివర ఒక తలుపు తెరుచుకొని పచ్చడి వాసన వచ్చింది. ఒకామె గదులు సర్దే బండిని బయట నిలిపి లోపలికి పోతోంది. అమ్మ ఆ బండిని చూసింది, బండి చక్రాలను చూసింది, ఆమె వెనకాలే పోయింది. మేము కింద లాబీలో కూర్చున్నాం. పది నిమిషాలు. ఇరవై. అక్క గోళ్ళు కొరుకుతోంది. పిల్ల చేపల తొట్టి చుట్టూ పరిగెడుతోంది. బాపు పోర్టికో నుంచి ఫోన్ చేశాడు: "బండి తియ్యమంటున్నరు, పోదామా?" నేను పోయి, బండి పార్కింగ్‌లో పెట్టించి, ఆయనను చెయ్యి పట్టుకొని అద్దాల తలుపు లోపలికి లాక్కొచ్చాను. ఆయన పాలరాతి నేల మీద చెప్పులు విప్పబోయాడు.

నాలుగూ ఇరవైకి అమ్మ వచ్చింది. మూతి తుడుచుకుంటోంది.

"ఇదే," అంది.

"ఏది ఇదే?" అంది అక్క. "దీనికి రివ్యూలు మంచిగ లెవ్వమ్మా. నెమలి ఈడిదే."

"లోపట వాళ్ళు అన్నం తినుడు చూసినవా? బల్ల ఉన్నది, ఫ్యాను ఉన్నది. అందరికీ కుర్సీలున్నయి. ఆమెకు షిఫ్టుకు పది రూములేనంట." అమ్మ కూర్చుంది. సోఫాలో పూర్తిగా వెనక్కి ఆనుకొని కూర్చుంది. "నాకు పదహారు అంటె, అయ్యో కూసో అక్కా అని చింతకాయ తొక్కు ఏసింది. నువ్వు రా, నీ రూము నేనే చేస్త అన్నది. నువ్వు గిట్ల చద్దర్ మడిచి పెట్టినవంటె తలుపు కొట్టి మరీ తిడ్త, నా పని పాడుచెయ్యకు అన్నది."

"తిడ్తదంటనా?" అన్నాడు బాపు, పెళ్ళి సంబంధం కుదిరినంత సంతోషంగా.

అక్క బుక్ చేసింది. నాలుగూ నలభైకి అమ్మ సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. తేదీలు చెప్పింది. అవతల కాగితం తిప్పిన చప్పుడు.

"సరేనమ్మా. కారణం ఏం రాయమంటారు?"

ఇది ఎవరమూ అనుకోలేదు. అమ్మ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి మావైపు చూసింది. అక్క పెదవులతో 'పెళ్ళి' అంది. బాపు నుదుటి మీద చెయ్యి పెట్టుకొని జ్వరం చూపించాడు. హోటల్‌లో పనిచేసే మనిషి హోటల్‌లో ఉండటానికి సెలవడిగితే ఏమనాలో నాక్కూడా తోచలేదు. నాకు తోచకపోవడం అక్క ఇప్పటికీ చెప్పుకుంటుంది.

అమ్మ చెయ్యి తీసింది. "ఊకెనే సార్."

"అంటే?"

"ఊకెనే. ఏం లేదు. పండుకోనీకి."

అవతల కాగితం మీద పెన్ను కదిలిన చప్పుడు. ఇవతల బాపు అప్పటికే దగ్గడం మొదలుపెట్టాడు. సూపర్‌వైజర్ "అలాగేనమ్మా, రాసుకున్నాను," అని పెట్టేశాక కూడా ఆయన ఇంకా దగ్గుతూనే ఉన్నాడు. ఇక చాలని అమ్మే చెప్పాల్సి వచ్చింది.